వెన్నుపాము దెబ్బతిన్న మా వదిన పిల్లల్ని కనగలదా? ఒక ప్రసూతి వైద్యురాలి సమాధానం

మీరు ఉప్పల్ నుంచి రాశారు. మీ వదినకు 28 ఏళ్ళు. రెండేళ్ళ కిందట చౌటుప్పల్ దగ్గర జరిగిన కారు ప్రమాదంలో వెన్నుపాము టీ5 దగ్గర, అంటే ఛాతీ ఎత్తులో, పూర్తిగా దెబ్బతింది (అంకె పెరిగేకొద్దీ వెన్నులో కిందికి వెళ్తున్నట్టు). రొమ్ముల కిందనుంచి స్పర్శ లేదు. వీల్‌చైర్‌లో ఉంటారు, ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్నారు. నెలసరి సరిగ్గానే వస్తోంది. ఆమె, మీ అన్నయ్య పిల్లలు కావాలనుకుంటున్నారు. మీ అమ్మగారు మాత్రం "దక్కిన ప్రాణాన్ని మళ్ళీ పణంగా పెట్టడం ఎందుకు, సరోగసీకి వెళ్దాం" అంటున్నారు. చూపించుకున్న ఒక డాక్టర్ "రిస్క్, వద్దు" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆమె కనగలదా, కంటే ప్రాణం మీదికి వస్తుందా అని మీ ప్రశ్న.

కనగలరు. నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్ళుగా కాన్పులు చేస్తున్నాను. వెన్నుపాము గాయాలున్నవాళ్ళు, కటి ఎముకలు విరిగి ప్లేట్లు వేయించుకున్నవాళ్ళు, ఒళ్ళు కాలినవాళ్ళు నా దగ్గర కాన్పులు చేయించుకున్నారు. ప్రమాదం లేదని చెప్పను. కానీ అది ఆమె గర్భసంచిలో లేదు. ఆమెను చూసే డ్యూటీ డాక్టరుకి, నర్సుకి ఈ గాయం సంగతి తెలియకపోవడమే అసలు ప్రమాదం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు గర్భం వస్తుందా అన్న సంగతి. వెన్నుపాముకు దెబ్బ తగిలాక కొన్ని నెలలు నెలసరి ఆగిపోవడం మామూలే, తర్వాత దానంతటదే మొదలవుతుంది. అండాలు తయారవడం, విడుదల కావడం హార్మోన్ల పని. దానికి కాళ్ళలో చలనంతో సంబంధం లేదు. మగవాళ్ళలో ఈ గాయం వల్ల సంతానం కష్టమవుతుంది కానీ ఆడవాళ్ళలో ఆ సామర్థ్యం దాదాపు మునుపటిలాగే ఉంటుంది. ప్రమాదంలో తగిలిన దెబ్బ బిడ్డకు వంశపారంపర్యంగా వచ్చేదీ కాదు. కాబట్టి ఎవరైనా మొదటే ఐవీఎఫ్ అంటే తొందరపడకండి. ఈ వయసులో ఏడాది పాటు మామూలుగా ప్రయత్నించి, అప్పటికీ రాకపోతే పరీక్షలు చేయించుకుంటే చాలు. కలయికకు ముందు మూత్రాశయం ఖాళీ చేసుకోవాలి. పొడిగా ఉంటే జెల్ వాడుకోవాలి. ఆ సమయంలో తల పగిలిపోయేంత నొప్పి వస్తే వెంటనే ఆపేసి లేచి కూర్చోవాలి. ఎందుకో కింద చెప్తాను. ఈ మూడు మాటలు చాలామంది దంపతులకు ఎవరూ చెప్పరు, వాళ్ళూ సిగ్గుపడి అడగరు.

సరోగసీ అంత సులువైన దారి కూడా కాదు. 2021 చట్టం ప్రకారం డబ్బులిచ్చి వేరొకరి గర్భంలో బిడ్డను మోయించుకోవడం నిషేధం. వైద్యపరంగా అవసరమని జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇవ్వాలి. మీ వదిన గర్భసంచి ఆరోగ్యంగా ఉంది, ఆమెకు ఆ అవసరం ఉన్నట్టు నాకు కనిపించడం లేదు.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. గర్భం వచ్చాక ఎవరైనా "తీయించేద్దాం" అంటే ఆ నిర్ణయం మీ అన్నయ్యదీ కాదు, మీ అమ్మగారిదీ కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పదో సెక్షన్ సంతానానికి, కుటుంబ నియంత్రణకు సంబంధించిన సమాచారం పొందే హక్కు ఆమెకు ఇచ్చింది. ఆమె ఇష్టపూర్వకంగా ఒప్పుకోకుండా పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమూ చేయకూడదని కూడా అదే సెక్షన్ చెప్తుంది. స్పష్టమైన అనుమతి లేకుండా దివ్యాంగురాలికి గర్భస్రావం చేస్తే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. తీవ్ర వైకల్యం ఉన్నప్పుడు డాక్టర్ అభిప్రాయం, సంరక్షకుల అనుమతితో అన్న మినహాయింపు ఒకటుంది. కానీ మీ వదిన ఉద్యోగం చేసుకుంటూ తన నిర్ణయాలు తానే తీసుకునే మనిషి, ఆమె మాటే చెల్లాలి. డాక్టర్ గదిలో కూడా ప్రశ్నలకు ఆమెనే జవాబు చెప్పనివ్వండి. వీల్‌చైర్ తోసుకొచ్చినవాళ్ళ మొహం చూసి మాట్లాడే డాక్టర్లు ఇంకా ఉన్నారు. అలాంటప్పుడు "డాక్టరుగారూ, మా వదినను అడగండి" అని మీరే అనండి.

గర్భానికి ముందే చక్కబెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆమె కండరాల బిగింపులకు బాక్లోఫెన్, నరాల నొప్పికి ప్రీగాబాలిన్ వాడుతున్నారని రాశారు. వీటిలో ఏది కొనసాగించాలి, ఏది తగ్గించాలి అన్నది గర్భం రాకముందే డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి. బాక్లోఫెన్‌ను ఉన్నపళంగా ఆపేస్తే బిగింపులు తిరగబెట్టడమే కాదు, ఫిట్స్ కూడా రావచ్చు. గర్భం నిలిచిందని తెలియగానే భయపడి మాత్రలన్నీ డస్ట్‌బిన్‌లో వేయడం నేను తరచూ చూసే పని, అది చేయొద్దు. ప్రమాదంలో తలకు కూడా దెబ్బ తగిలి ఫిట్స్‌కు సోడియం వాల్ప్రోయేట్ వాడుతుంటే ఆ సంగతి మరీ ముందే చెప్పాలి, దానివల్ల బిడ్డ వెన్నుకు లోపం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఫోలిక్ యాసిడ్ ఇప్పటినుంచే మొదలుపెట్టవచ్చు. కిడ్నీలకు, మూత్రాశయానికి ఒక స్కానింగ్ చేయించండి. ఒంటి మీద పడక పుండు ఉంటే అది పూర్తిగా మానేదాకా ఆగండి. వెన్ను ఆపరేషన్‌లో రాడ్లు వేశారు కాబట్టి ఆ ఎక్స్‌రేలు, డిశ్చార్జ్ సమ్మరీ ఒక ఫైల్లో పెట్టండి. తర్వాత మత్తు డాక్టరుకి వాటితో చాలా అవసరం పడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. టీ6 దగ్గరగానీ అంతకు పైనగానీ గాయం ఉన్నవాళ్ళకు అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అనే పరిస్థితి వస్తుంది. మీ వదినది టీ5, ఆ పరిధిలోకే వస్తారు. గాయానికి కింద ఒంట్లో ఎక్కడైనా ఇబ్బంది కలిగితే, అంటే మూత్రాశయం నిండిపోయినా, మలబద్ధకమైనా, పుండు పడినా, గర్భసంచి ముడుచుకున్నా, ఆ సంకేతం మెదడుకు సరిగ్గా చేరదు. కింది భాగంలో రక్తనాళాలు మాత్రం బిగుసుకుపోతాయి. బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. తల పగిలిపోయేంత నొప్పి వస్తుంది, గాయానికి పైభాగంలో చెమటలు పట్టి మొహం ఎర్రబడుతుంది, ముక్కు దిబ్బడ వేస్తుంది, నాడి నెమ్మదిస్తుంది. పట్టించుకోకపోతే మెదడులో రక్తస్రావం దాకా వెళ్ళవచ్చు. పురిటి నొప్పులు దీనికి అతి పెద్ద కారణం.

ఇక్కడే తికమక వస్తుంది. గర్భిణికి బీపీ పెరిగిందంటే లేబర్ రూములో అందరికీ ముందు గుర్తొచ్చేది గుర్రపువాతం, అంటే గర్భంలో బీపీ పెరిగి ఫిట్స్ దాకా వెళ్ళే జబ్బు. ఒకసారి నన్ను పిలిపించిన కేసు చెప్తాను. నాలుగేళ్ళుగా వీల్‌చైర్‌లో ఉన్న అమ్మాయి, తొమ్మిదో నెల. బీపీ 180 దాటింది, తల పట్టుకుని కూర్చుంది, మెడ మీద చెమట ధారగా కారుతోంది, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. డ్యూటీలో ఉన్నవాళ్ళు గుర్రపువాతం అనుకుని మెగ్నీషియం ఇంజెక్షన్ ఎక్కించే ప్రయత్నంలో ఉన్నారు. నేను దుప్పటి తీసి చూస్తే మూత్రపు పైపు ఆమె తొడ కింద మడతపడి ఉంది. తొడ ఎత్తి పైపు సరిచేయగానే సంచిలోకి మూత్రం జలజలా దిగింది. మంచం తలవైపు ఎత్తి, కాళ్ళు కిందికి వేలాడదీసి, నడుముకు కట్టిన బెల్ట్ వదులు చేశాం. కొద్ది నిమిషాల్లోనే బీపీ దిగివచ్చింది, ఆ అమ్మాయి "ఇప్పుడు తల తేలికైంది మేడమ్" అంది. అంతసేపూ ఆమె "నా పైపు చూడండి" అనే చెప్తోందట. ఎవరూ వినిపించుకోలేదు.

తేడా తెలుసుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. గుర్రపువాతంలో బీపీ పెరిగితే అలాగే నిలిచి ఉంటుంది, మూత్రంలో ప్రోటీన్ కనిపిస్తుంది, రక్తపరీక్షలు మారవచ్చు. డిస్‌రిఫ్లెక్సియాలో నొప్పి వచ్చినప్పుడు బీపీ ఎగిసి, నొప్పి తగ్గగానే పడిపోతుంది. రెండూ ఒకేసారి ఉండటమూ కుదురుతుంది కాబట్టి పరీక్షలు మానొద్దు. కానీ కారణం వెతికి తీసేయకుండా మందుల మీద మందులు ఎక్కించడం తప్పు. పైపు, మలం, బిగుతు బట్టలు, చర్మం, ఈ వరుసలో చూసి, అప్పటికీ దిగకపోతే నిఫెడిపిన్ లాంటి త్వరగా పనిచేసే మందు ఇస్తారు. అది ఆస్పత్రిలో చేయాల్సిన పని, ఇంట్లో మీ అంతట మీరు మాత్ర వేయకండి. ఇంట్లో మీరు చేయాల్సింది ఆమెను నిటారుగా కూర్చోబెట్టడం, పైపు చూడటం, 108కి ఫోన్ చేయడం.

ఇంకొకటి. ఇలాంటి గాయం ఉన్నవాళ్ళకు మామూలు బీపీయే తక్కువగా ఉంటుంది, పైఅంకె 90 నుంచి 110 మధ్య. అందుకే ఆమెకు 140 అంటే మనకు 140 లాంటిది కాదు. తన మామూలు అంకె కంటే 20 నుంచి 40 పెరిగినా చాలు, డిస్‌రిఫ్లెక్సియా అని అనుమానించాలి. ఇంట్లో బీపీ మిషన్ కొని, ఏ తొందరా లేని వేళల్లో కూర్చున్నప్పుడు ఎంత, పడుకున్నప్పుడు ఎంత అని ఇప్పటినుంచే రాసి పెట్టుకోమనండి. ఆ పుస్తకం లేబర్ రూములో ఏ స్కానింగ్ రిపోర్టుకన్నా ఎక్కువ పనికొస్తుంది.

రెండో పెద్ద సంగతి, నొప్పులు తెలియకపోవడం. గర్భసంచి నొప్పి మోసే నరాలు టీ10 నుంచి ఎల్1 వరకు వెన్నుపాములోకి వెళ్తాయి. మీ వదిన గాయం అంతకంటే పైన ఉంది, కాబట్టి నొప్పులు మొదలైనా ఆమెకు నొప్పిగా తెలియకపోవచ్చు. నెలలు నిండకముందే నొప్పులు వచ్చే అవకాశం కూడా వీళ్ళలో కాస్త ఎక్కువ. అందుకే ఏడో నెల నుంచి రోజూ పొద్దున, సాయంత్రం పొట్ట మీద చేయి వేసి చూసుకోవడం నేర్పిస్తాం. ముందు బుగ్గ నొక్కి చూడమంటాను, తర్వాత నుదురు. పొట్ట బుగ్గలా మెత్తగా ఉంటే సరే, నుదురులా గట్టిపడి మళ్ళీ మెత్తబడుతూ, అలా మాటిమాటికీ జరుగుతుంటే అవి నొప్పులే. కాళ్ళ బిగింపులు హఠాత్తుగా ఎక్కువవడం, కారణం లేని తలనొప్పి, ఊపిరి బరువుగా అనిపించడం, ఒంట్లో ఏదో తేడాగా ఉందన్న భావన, ఇవన్నీ కూడా ఆమెకు నొప్పుల గుర్తులే. చాలామంది తమకు ఏదో అవుతోందని ముందే పసిగడతారు. ఆమె "ఏదో తేడాగా ఉంది" అన్న రోజు ఆస్పత్రికి బయలుదేరండి, పరీక్ష చేసి ఏమీ లేదంటే వెనక్కి రావచ్చు. 28 వారాల తర్వాత నేను వీళ్ళను తరచూ రప్పించి గర్భసంచి ముఖద్వారం చూస్తాను. చివరి వారాల్లో ముందుగానే అడ్మిట్ చేసుకోవడం మేలు.

మత్తు డాక్టరును ఏడు, ఎనిమిది నెలల మధ్యలోనే కలవాలి. "నొప్పే తెలియని మనిషికి ఎపిడ్యూరల్ ఎందుకు?" అని అడుగుతారు, కొందరు సిబ్బంది కూడా. ఆ ఎపిడ్యూరల్, అంటే నడుము దగ్గర వెన్నులోకి సూదితో ఇచ్చే మత్తు, బీపీ ఎగరకుండా ఆపడానికి. నొప్పులు మొదలైన వెంటనే పెట్టాలి. వెన్నులో రాడ్లు ఉన్నచోట సూది వేయడం కష్టం కావచ్చు, అందుకే ఆ ఎక్స్‌రేలు ముందే చూపించాలి. ఆపరేషన్ చేసినా స్పర్శ లేదు కదా అని మత్తు లేకుండా కోయకూడదు. పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే కండరాలను వదులు చేసే సక్సినైల్‌కోలిన్ వాడకూడదు, వెన్నుపాము గాయం ఉన్నవాళ్ళలో అది రక్తంలో పొటాషియంను ప్రమాదకరంగా పెంచి గుండె మీదికి తెస్తుంది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగడానికి మన దగ్గర అలవాటుగా ఇచ్చే మెథర్జిన్ కూడా ఈమెకు వద్దు, అది బీపీ పెంచుతుంది. ఆక్సిటోసిన్ ఇవ్వవచ్చు.

ఇవన్నీ ఒకే పేజీలో పెద్ద అక్షరాలతో రాయించి ఫైలు మొదటి కాగితంగా పెట్టండి, ఇంకో ప్రతి మంచం తలవైపు అంటించండి. నా పేషెంట్లకు నేను రాసిచ్చేది దాదాపు ఇలా ఉంటుంది: "టీ5 వెన్నుపాము గాయం. మామూలు బీపీ 96/60. డిస్‌రిఫ్లెక్సియా వచ్చే మనిషి. బీపీ పెరిగితే ముందు కూర్చోబెట్టండి, మూత్రపు పైపు చూడండి. నొప్పి తెలియదు, పొట్ట తాకి చూడండి. మెథర్జిన్, సక్సినైల్‌కోలిన్ వద్దు. రెండు గంటలకోసారి ఒత్తిగిలించండి. ఆమె చెప్పింది వినండి." రాత్రి రెండింటికి డ్యూటీ మారినప్పుడు కొత్తగా వచ్చిన పీజీ డాక్టరుకి ఆ కాగితమే దిక్కు.

కాన్పు మామూలుగానే కావచ్చు. గర్భసంచి హార్మోన్లతో తనంతట తానే ముడుచుకుంటుంది. పొట్ట కండరాలతో ముక్కడం కుదరదు కాబట్టి చివర్లో వాక్యూమ్ లేదా ఫోర్‌సెప్స్ సాయం పట్టవచ్చు. వీల్‌చైర్ ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాకూడదు. బీపీ అదుపులోకి రాకపోతే, బిడ్డకు ఇబ్బంది ఉంటే అప్పుడు ఆపరేషన్.

నెలలు గడిచేకొద్దీ రోజువారీ జాగ్రత్తలు పెరుగుతాయి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఈ గర్భాల్లో చాలా సామాన్యం, నెలకోసారి కల్చర్ టెస్ట్ చేయించాలి. మెడికల్ షాపులో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి తెచ్చి వేసుకోవద్దు. పొట్ట పెరిగేకొద్దీ మూత్రం తీసుకునే వేళలు దగ్గరపడతాయి, చేయి అందక చివరి నెలల్లో పైపు ఉంచేయాల్సి రావచ్చు. ఐరన్ మాత్రలతో మలబద్ధకం ముదురుతుంది, అది డిస్‌రిఫ్లెక్సియాకు కారణమవుతుంది, కాబట్టి ఆ సంగతి డాక్టరుకి సిగ్గుపడకుండా చెప్పాలి. రక్తహీనత ఉంటే పడక పుళ్ళు తొందరగా పడతాయి కనుక ఐరన్ మానడానికీ వీల్లేదు, అవసరమైతే ఇంజెక్షన్‌గా ఇస్తాం. బరువు పెరిగాక వీల్‌చైర్ కుషన్ సరిపోతోందో లేదో చూసుకోవాలి. వారానికోసారి రెండు పిక్కలూ టేపుతో కొలవండి. ఒకటి లావెక్కితే రక్తం గడ్డకట్టిందేమో అని అదే రోజు చూపించాలి, ఆమెకు నొప్పి తెలియదు కదా.

ఎక్కడ చూపించాలి అన్నారు. ప్రసూతి, మత్తు, న్యూరోసర్జరీ, యూరాలజీ, పెద్దవాళ్ళ ఐసీయూ, పసిపిల్లల ఐసీయూ ఒకే ఆవరణలో ఉన్నచోటు ఎంచుకోండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో సికింద్రాబాద్ గాంధీ ఆ లెక్కలోకి వస్తుంది. పేట్లబుర్జు, కోఠి ప్రసూతి ఆస్పత్రుల్లో కాన్పుల అనుభవం అపారం, కానీ ఈ కేసులో మిగతా విభాగాలు పక్కనే ఉండాలి. ప్రైవేటులో అయితే వెళ్ళగానే రెండు ప్రశ్నలు అడగండి: రాత్రిపూట మత్తు డాక్టర్ ఆస్పత్రిలోనే ఉంటారా? డిస్‌రిఫ్లెక్సియా ఉన్న కాన్పు ఇంతకుముందు చేశారా? రెండో దానికి "లేదు, కానీ చదివి సిద్ధమవుతాం" అన్నా నాకు ఇష్టమే. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2020లో వెన్నుపాము గాయం ఉన్న గర్భిణుల గురించి ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది, చదవదలచుకున్న డాక్టరుకి దొరుకుతాయి. పరీక్ష చేసే బల్ల ఎత్తు తగ్గుతుందా, బాత్రూములోకి వీల్‌చైర్ పడుతుందా అని కూడా ముందే చూసి రండి.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని వదిన తల్లిగారు సూర్యాపేట తీసుకెళ్తామంటున్నారని రాశారు. ఆ ముచ్చట నాకు అర్థమవుతుంది, కానీ ఈసారి వద్దు. ఆమె వెన్ను డాక్టర్లు, ఫైలు, అలవాటైన బాత్రూము, మంచం అన్నీ ఇక్కడ ఉన్నాయి. సీమంతం చేసి, అమ్మగారినే ఉప్పల్ తెచ్చుకోండి.

వాళ్ళమ్మగారు వచ్చాక ఈ మాట తప్పకుండా చెప్పండి. బాలింతకు మంచం కింద నిప్పుల కుంపటి, సాంబ్రాణి పొగ, ఒళ్ళు కాలేంత వేడినీళ్ళు మన ఇళ్ళలో అలవాటు. మీ వదినకు రొమ్ముల కింద వేడి తెలియదు. చర్మం బొబ్బలెక్కినా ఆమె "అబ్బా" అనదు. కుంపటి, హాట్ వాటర్ బ్యాగ్ పూర్తిగా మానేయాలి, నీళ్ళు మీరు మోచేతితో చూసి పోయాలి. బాలింతకు నీళ్ళు తక్కువ ఇవ్వడం కూడా కుదరదు, మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రెండూ వస్తాయి. కుట్లు ఉంటే రోజూ అద్దంతోగానీ మీరుగానీ చూడాలి, చీము పట్టినా ఆమెకు నొప్పి ఉండదు. కాన్పు అయ్యాక కనీసం రెండు రోజులు బీపీ దగ్గరుండి చూడాలి, డిస్‌రిఫ్లెక్సియా అప్పుడూ వస్తుంది.

పాలు వస్తాయి. గాయం ఛాతీ పైభాగంలో ఉన్నవాళ్ళలో కొందరికి పాలు తగ్గవచ్చు. ఒళ్ళో దిండు పెట్టుకుని, వెనక ఆనుకుని ఇస్తే చేతులకు బరువు ఉండదు. ఉయ్యాల ఎత్తు వీల్‌చైర్ చేతులకు సమానంగా ఉండేలా, ఒక పక్క తలుపు తెరుచుకునేలా వడ్రంగితో చేయించండి, అప్పుడు బిడ్డను తీసుకోవడానికి ఎవరినీ పిలవాల్సిన పని ఉండదు.

ఇది చదివే మిగతావాళ్ళకు ఒక్క మాట. కటి ఎముక విరిగి అతికినవాళ్ళలో చాలామందికి మామూలు కాన్పు సాధ్యమే, ప్లేట్లు ఉన్నాయని ఆపరేషన్ ఖాయం చేసుకోవద్దు, ఎముకల డాక్టరుతో ఎక్స్‌రే చూపించి మాట్లాడండి. పొట్ట మీద కాలిన మచ్చలు బిగుసుకున్నవాళ్ళు గర్భానికి ముందే ప్లాస్టిక్ సర్జన్‌ను కలవండి.

ఇక తర్వాతి గర్భం మాట. కాన్పు అయిన ఆరు వారాలకు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు కుటుంబ నియంత్రణ గురించి కూడా అడగండి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు రక్తం గడ్డకట్టే అవకాశం పెంచుతాయి, కదలికలేని కాళ్ళకు అవి మంచివి కావు. కాపర్ టీ వేయించుకునేటప్పుడు బీపీ చూస్తూ వేయమని చెప్పండి. ఆమె బీపీ నోట్ చేయడం మొదలుపెట్టాక, ఫైల్లోని పాత రిపోర్టులతో ఏవైనా సందేహాలుంటే ఇక్కడే అడగండి, జవాబిస్తాను. ఈసారి మీ వదిననే రాయమనండి.